సొంత అథారిటీతో ట్రక్కు నడిపేవాళ్ళకి ఇన్సూరెన్స్: నేను దెబ్బతిని తెలుసుకున్నవి

అమెరికాలో వేరే ట్రక్కు కంపెనీ కింద లీజుకు నడిపినన్నాళ్ళూ నా చేతిలో ఉన్నది బాబ్‌టెయిల్ పాలసీ (ట్రెయిలర్ లేకుండా వట్టి ట్రక్కు తోలేటప్పుడు పనికొచ్చేది) ఒక్కటే. లోడు మీద ఉన్నప్పుడు ఏం జరిగినా వాళ్ళ పాలసీ చూసుకునేది. ఎంసీ నంబరు, అంటే సొంతంగా కిరాయికి తోలుకునే అనుమతి (అథారిటీ), నా పేరున వచ్చాక కూడా దాంతోనే నెట్టుకొద్దామనుకున్నా. ఏజెంటు నవ్వాడు.

ముందు కావాల్సింది ప్రైమరీ లయబిలిటీ, అంటే మీ బండి వల్ల ఇతరులకు జరిగే నష్టానికి కట్టేది. రాష్ట్రాలు దాటి, 10,001 పౌన్లు ఆ పైన ఉన్న బండిలో మామూలు సరుకు కిరాయికి తోలితే ఫెడరల్ రూలు ప్రకారం కనీసం 7,50,000 డాలర్లు. హజ్‌మ్యాట్ (ప్రమాదకర సరుకు) అయితే సరుకును బట్టి 10 లక్షలు, 50 లక్షలు. కానీ ఆ కనీసంతో లోడ్లు దొరకవు. బ్రోకర్లు ఎక్కువమంది మిలియన్ లయబిలిటీ, లక్ష డాలర్ల కార్గో (సరుకు) ఇన్సూరెన్స్ అడుగుతారు. అదే తీసుకోండి.

పాలసీ కొన్నంత మాత్రాన అథారిటీ యాక్టివ్ కాదు. ఇన్సూరెన్స్ ఉందని చెప్పే బీఎంసీ-91 లేదా 91ఎక్స్ ఫారం ఇన్సూరెన్స్ కంపెనీయే ఎఫ్‌ఎంసీఎస్ఏకి (ట్రక్కులను నియంత్రించే ఫెడరల్ సంస్థ) పంపాలి, బీఓసీ-3 ఫారం మీ తరఫున కోర్టు కాగితాలు అందుకునే ప్రాసెస్ ఏజెంటు వేయాలి. పాలసీ మీద పేరు, అథారిటీ మీద పేరు అక్షరం పొల్లుపోకుండా కలవాలి. నాకు పేరు చివర ఎల్ఎల్‌సీ పడకపోయేసరికి ఫైలింగు ఆగింది, బండి యార్డులోనే ఉండిపోయింది.

పాలసీకి జతచేసే ఎంసీఎస్-90 ఉందిగా, ఇంకేం భయం అంటారు కొందరు. అది మీకోసం కాదు, రోడ్డు మీద జనం కోసం. పాలసీలో లేని ప్రమాదానికి కంపెనీ బాధితుడికి కట్టి, ఆ డబ్బు మళ్ళీ మీ దగ్గరే వసూలు చేసుకోవచ్చు. మీ బండికి, మీ సరుకుకి దాంతో పైసా రాదు.

నేను మునిగింది కార్గో దగ్గర. వాట్సన్‌విల్‌లో స్ట్రాబెర్రీ ఎక్కించుకుని డాలస్ వెళ్తున్నా, సెట్టింగు 34 డిగ్రీల ఫారెన్‌హీట్. అమరిల్లో దాటాక అర్ధరాత్రి రీఫర్ (ట్రెయిలర్‌ని చల్లగా ఉంచే యూనిట్) అలారం మోగింది. దిగి చూస్తే యూనిట్ తిరుగుతోంది గానీ లోపల 47. సరుకు తీసుకోవాల్సిన రిసీవర్ తలుపు తీసి, థర్మామీటర్ గుచ్చి, మాట్లాడకుండా మూసేశాడు. రీఫర్ బ్రేక్‌డౌన్ కవరేజీ నాకుంది, ధైర్యంగానే క్లెయిమ్ వేశా. క్లెయిమ్ పరిశీలించే అడ్జస్టరు మొదటి ప్రశ్న: “ఆఖరి సర్వీసు బిల్లు పంపండి.” సర్వీసు చేయించా, నగదు ఇచ్చా, బిల్లు తీసుకోలేదు. క్లెయిమ్ పోయింది. ఆ లోడు తాలూకు 19 వేల డాలర్లు నేనే కట్టా.

అందుకే ప్రీమియం అంకె చూసేముందు మినహాయింపుల పేజీ చదవండి. కాపలా లేకుండా ఆపిన బండిలో దొంగతనం, ఎలక్ట్రానిక్స్, రాగి, మద్యం... ఏవి తీసేశారో అక్కడే ఉంటుంది.

బండికి ఫిజికల్ డ్యామేజ్ తీసుకోండి. అప్పుంటే ఎలాగూ అడుగుతారు. మీరు రాయించిన విలువ, నష్టం నాటి మార్కెట్ విలువ, ఈ రెంటిలో తక్కువే ఇచ్చే పాలసీలు చాలా ఉన్నాయి, ఎక్కువ రాయించి మురిసిపోవద్దు. పవర్ ఓన్లీ (ట్రక్కు మనది, ట్రెయిలర్ వేరేవాళ్ళది) తోలేవాళ్ళు ఎదుటివాళ్ళ ట్రెయిలర్‌కి రాతపూర్వక ఇంటర్‌చేంజ్ (ట్రెయిలర్ మార్పిడి) ఒప్పందం ఉంటే ట్రెయిలర్ ఇంటర్‌చేంజ్, లేకపోతే నాన్-ఓన్డ్ ట్రెయిలర్ కవరేజీ అడగాలి. మీ కాలు విరిగితే లయబిలిటీ ఏమీ ఇవ్వదు, దానికి ఆక్యుపేషనల్ యాక్సిడెంట్ పాలసీ వేరే తీసుకోవాలి.

కొత్త అథారిటీకి ప్రీమియం మండిపోతుంది, తప్పదు. తగ్గించుకుందామని 300 మైళ్ళ లోపే తిరుగుతానని రాసి కాలిఫోర్నియాకి తోలొద్దు. బండి ఎక్కడ, ఎంతసేపు తిరిగిందో నమోదు చేసే మీ ఈఎల్‌డీయే సాక్ష్యం చెబుతుంది.

కిస్తీ తప్పారా, రద్దు చేస్తున్నామని కంపెనీ ఎఫ్‌ఎంసీఎస్ఏకి 30 రోజుల నోటీసు పంపుతుంది. ఆలోగా కొత్త ఫైలింగు పడకపోతే అథారిటీ రద్దవుతుంది. నేనైతే రెన్యువల్‌కి రెండు నెలల ముందే లాస్ రన్స్ (పాత క్లెయిమ్‌ల చిట్టా) తెప్పించి ముగ్గురు ఏజెంట్లకి పంపుతా. రీఫర్ సర్వీసు బిల్లులు ఇప్పుడు క్యాబ్‌లో ఒక కాపీ, ఇంట్లో ఒక కాపీ.