సామ్రాజ్య నిర్మాణం, నాలుగో పాఠం: అడవిపంది తెచ్చిన తంటా, కట్టని ఇల్లు

'ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2' అనే కంప్యూటర్ ఆట గురించి రాస్తున్న ఈ పాఠాలలో మూడోదాని చివర, ఈసారి ఆటలో రెండో యుగమైన ఫ్యూడల్ ఏజ్‌లోకి అడుగుపెడదామని రాశాను. ఆ మాటను సగమే నిలబెట్టుకోగలుగుతున్నాను. మాంసం కోసం అడవిపందిని మన ఊరి కేంద్రమైన టౌన్ సెంటర్ దగ్గరికి రప్పించడం గురించి అక్కడ నేను రాసిన నాలుగు వాక్యాలను నమ్మి ఆడినవారిలో చాలామంది ఒక్కో ఆటలో ఇద్దరు ముగ్గురు విలేజర్లను (పనులన్నీ చేసే ఊరివారిని) పందికి బలిచేశారని తెలిసింది. తప్పు చదివినవారిది కాదు. రెండు బాణాలు వేసి వెనక్కి రమ్మన్నాను గానీ, ఎవరిని పంపాలో, ఎప్పుడు పంపాలో, పంది వెంటపడి వచ్చాక మిగిలినవారు ఏం చేయాలో రాయలేదు. అవన్నీ తెలిసినవే కదా అనుకున్నాను. కాబట్టి ముందు ఆ బాకీ తీర్చి, తర్వాత కొత్త పాఠంలోకి వెళతాను.

ఇంత ప్రమాదం ఉన్నప్పుడు పందిని వదిలేస్తే పోదా అని కొందరు అడిగారు. లెక్క చూడండి. 'ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2'లో మామూలు ఆట మొదలయ్యేసరికి మన దగ్గర 200 ఆహారం, ముగ్గురు విలేజర్లు, ఒక గుర్రపు వేగు ఉంటారు. విలేజర్ల సంఖ్య 21కి చేరాక ఫ్యూడల్ ఏజ్‌కు వెళ్లాలనుకుంటే ఇంకా 18 మందిని తయారుచేయాలి; తలకు 50 చొప్పున 900 ఆహారం కావాలి. ఏజ్ మారడానికి మరో 500. చేతిలో ఉన్న 200 తీసేస్తే, ఎనిమిది నిమిషాల లోపల సంపాదించాల్సింది 1,200. ఎనిమిది గొర్రెలూ దొరికాయనుకున్నా వాటి నుంచి వచ్చేది 800 మాత్రమే. ఒక్కో పంది 340 ఇస్తుంది. ఒక పొలం వేయడానికి 60 కలప పోసి 175 ఆహారం తీసుకుంటామన్నది గుర్తుంటే, ఒక పందిని వదులుకోవడమంటే దాదాపు రెండు పొలాలను వదులుకోవడమని అర్థమవుతుంది. పైగా గొర్రె దగ్గరకన్నా వేట దగ్గర విలేజరు పని వేగంగా సాగుతుంది. రేగుపళ్ల పొదలు ఉన్నాయి కదా అంటారేమో. ఉన్నాయి, వాటినీ వాడాలి. కానీ పందికి బదులుగా కాదు.

ఇక చావుల సంగతి. విలేజరుకు మొదట ఉండే ప్రాణం 25. పంది దెబ్బ 7. అంటే నాలుగు దెబ్బలకు మనిషి పోతాడు. మా చిత్తూరు వైపు చెనక్కాయ చేలకు రాత్రి కావలి పడుకున్నవారిని అడిగితే, గాయపడిన పంది ముందు నిలబడి రెండో దెబ్బ కొట్టాలని చూడడం ఎంత తెలివితక్కువ పనో చెబుతారు. ఆటలోనూ అంతే. రెండో బాణం తగిలిన మరుక్షణం మన మనిషి వెనుదిరగాలి, దారిలో ఎక్కడా ఆగకూడదు. అతన్ని నేరుగా టౌన్ సెంటర్ లోపలికే పంపేయడం నా అలవాటు. అక్కడిదాకా పరిగెత్తించి బయట నిలబెడదామనుకునేవారి వేలు కంగారులో గొర్రె మీద పడుతుంది. మనిషి గొర్రె దగ్గర ఆగిపోతాడు.

అతను లోపలికి దూరేలోపు గొర్రెల దగ్గర ఉన్నవారందరినీ ఒక్క గీతలో ఎంచుకుని పంది మీద నొక్కాలి. ఈ ఒక్క పని చేయకపోవడం వల్లనే ఎక్కువ చావులు జరిగాయని నా అనుమానం. పంది ముంగిట్లోకి వచ్చినా, చెప్పేవారు లేకపోతే గొర్రెను కోస్తున్న విలేజరు తల ఎత్తి చూడడు. ఆరుగురు ఒకేసారి బాణాలు వేస్తే పంది ఎంతోసేపు నిలవదు. అయితే చివరి దెబ్బ విలేజరుదే కావాలి. టౌన్ సెంటర్ బాణంతో పంది చస్తే మాంసం దక్కదు. చేతిలో ఉన్న గొర్రె దాదాపు అయిపోవస్తున్నప్పుడే పంది కోసం మనిషిని పంపండి. సగం కోసి వదిలిన గొర్రె కుళ్లిపోతూ ఉంటుంది. రెండో పందికి మొదటిసారి దెబ్బలు తిన్నవాడిని పంపకండి, కొత్తవాడిని పంపండి.

టౌన్ సెంటర్ దగ్గర కొనే లూమ్ అనే మెరుగుదల సంగతి కూడా ఇక్కడే తేల్చేస్తాను. 50 బంగారం, 25 సెకన్లు ఖర్చుపెడితే ప్రతి విలేజరు ప్రాణానికి 15 కలుస్తుంది. చేయి తిరిగినవారు దీన్ని ఏజ్ మార్చే ముందు చిట్టచివర చేస్తారు. మీరు పంది దగ్గరికి వెళ్లే ముందే చేయండి. ముందు చేసినా వెనుక చేసినా పట్టేది అదే 25 సెకన్లు కాబట్టి మొత్తం సమయంలో తేడా రాదు. ఈ విషయంలో గొప్పలకు పోయి ఇద్దరిని చంపుకోవడం కన్నా పిరికివారనిపించుకోవడమే లాభం.

మరొక ఫిర్యాదు. విలేజరు 25 సెకన్లలో వస్తాడని నేను రాస్తే, ఫోనులో గడియారం పెట్టి చూస్తే 15 సెకన్లైనా పట్టడం లేదని ఒకరు నిలదీశారు. ఆయన కొలత సరైనదే. 2019లో వచ్చిన డెఫినిటివ్ ఎడిషన్ అనే ఈ ఆట కొత్త కూర్పులో సాధారణ వేగం అంటే 1.7 రెట్ల వేగం. ఈ పాఠాలలోని సెకన్లన్నీ ఆటలో కనిపించే గడియారానివి. ఫోనును పక్కన పెట్టేయండి.

ఇప్పుడు అసలు పాఠం. ఫ్యూడల్ ఏజ్ ఆలస్యం కావడానికి పంది కన్నా పెద్ద కారణం ఒకటి ఉంది. అది ఇల్లు. పోయిన ఆదివారం మా అక్క కొడుకు తిరుపతిలో మా ఇంట్లోనే కూర్చుని ఆడుతూ, "మామా, ఈ కంప్యూటర్ పాతదైపోయింది, విలేజర్లు రావడం లేదు" అన్నాడు. వెళ్లి చూశాను. తెర పైన జనాభా దగ్గర 15/15 అని ఉంది, అంటే ఉన్న చోటంతా నిండిపోయింది. టౌన్ సెంటర్ కింద నలుగురు విలేజర్ల బొమ్మలు వరుసలో ఉన్నాయి. కలప 310 మూలుగుతోంది. ఇల్లు కట్టడానికి కావాల్సింది 25. నేను వేలు పెట్టి ఆ అంకె చూపించేదాకా వాడు తెర పైభాగం వైపు చూడనే లేదు. పంది వేట బాగా కుదిరిందన్న సంతోషంలో ఉన్నాడు. గడియారం చూస్తే ఆ స్థితిలోనే నిమిషంన్నర గడిచినట్టు తేలింది. అంటే ముగ్గురికి పైగా విలేజర్లు పుట్టకుండానే పోయారు. పంది చంపిన మనిషి కోసం బాధపడతాం, ఎందుకంటే చావు కంటికి కనిపిస్తుంది. ఇల్లు లేక పుట్టని ముగ్గురి కోసం ఎవరూ బాధపడరు. నాకు చిరాకు తెప్పించేది ఇదే.

వరుసలో విలేజర్లను పెట్టాం కాబట్టి పని జరుగుతోందనుకోవడమే ఇక్కడి మోసం. తిరుమలలో వైకుంఠం క్యూ కాంప్లెక్సు చూసినవారికి దీన్ని వేరే చెప్పనక్కర్లేదు. ముందు కంపార్టుమెంటు ఖాళీ కానిదే వెనుకది తెరవరు. వెనుక ఎంతమంది నిలబడి ఉన్నారన్న దానితో దర్శనం వేగానికి సంబంధం లేదు. పైగా ఆటలో వరుసలో పెట్టిన ప్రతి ఒక్కరికీ 50 ఆహారం ముందే కోసేసుకుంటారు. మా వాడి నలుగురి వెనుక 200 ఆహారం బందీ అయింది. అందుకే నేను ఎప్పుడూ ఇద్దరికి మించి వరుసలో పెట్టను. ఆట మొదలైన క్షణంలో మాత్రం 200 ఆహారానికీ నలుగురిని ఒకేసారి పెట్టేయాలి. అప్పుడు ఆ ఆహారంతో చేయవలసిన వేరే పని లేదు.

ఇళ్ల లెక్క చాలా సులువు. టౌన్ సెంటర్ ఐదుగురికి, ఒక్కో ఇల్లు మరో ఐదుగురికి చోటిస్తాయి. మొదట్లోనే నలుగురున్నారు కాబట్టి మిగిలింది ఒక్కరికే చోటు, అంటే 25 సెకన్లు. ఆలోపు మొదటి ఇల్లు నిలబడాలి. ఒక్కరే కడితే ఇంటికి 25 సెకన్లు పడుతుంది, నడక అదనం. ఇద్దరు కడితే సుమారు 19 సెకన్లు. కాబట్టి ముగ్గురిలో ఇద్దరు మొదటి ఇంటికి, మూడోవారు రెండో ఇంటికి. దానితో 15 మందికి చోటు వచ్చింది. అక్కడి నుంచి టౌన్ సెంటర్ ఆగకుండా నడిస్తే ఐదుగురు రావడానికి 125 సెకన్లు, అంటే ప్రతి రెండు నిమిషాలకు ఒక ఇల్లు. పైన 13/15 కనిపించగానే కలప కొట్టేవారిలో ఒకరిని పిలిచి మూడో ఇల్లు మొదలుపెట్టించండి. 18/20 కనిపించగానే నాలుగోది. 14/15 దాకా ఆగితే ఆ విలేజరు నడిచి వెళ్లేలోపే చోటు నిండిపోతుంది. 10/15 దగ్గరే కట్టేస్తే మరీ తొందర. ఆ 25 కలప అప్పటికి కలప కొట్టే శిబిరానికి కావాలి, దానికి 100 అవుతుంది. ఇల్లు ఎక్కడ కట్టాలన్న దాని మీద నాకు పట్టింపు లేదు గానీ, శిబిరానికీ చెట్లకూ మధ్య మాత్రం కట్టకండి. నేను కట్టాను. కలప మోసేవారు ఆట చివరిదాకా ఆ ఇంటి చుట్టూ ప్రదక్షిణలు చేశారు.

ఇంత జాగ్రత్తగా ఆడితే ఫ్యూడల్ ఏజ్ తనంతట తానే దారిలోకి వస్తుంది. 500 ఆహారం ఉండాలి, మొదటి యుగమైన డార్క్ ఏజ్ కట్టడాలు రెండు ఉండాలి. ఇళ్లు ఈ లెక్కలోకి రావు. మిల్లు, కలప శిబిరం వస్తాయి, అవి మీ దగ్గర ఇప్పటికే ఉన్నాయి. బటన్ నొక్కాక 130 సెకన్లు టౌన్ సెంటర్ ఇంకే పనీ చేయదు. ఆ వ్యవధిలో గొర్రెలు, పందులు అయిపోయిన చోటి నుంచి సగం మందిని కలపకు మళ్లించి, 175 కలపతో సైనిక శిబిరం కట్టుకోండి. అది లేనిదే ఫ్యూడల్ ఏజ్‌లో విలుకాండ్ర శాల గాని గుర్రపుశాల గాని కట్టనివ్వరు. ఏజ్ మారిన వెంటనే కలప గొడ్డలి మెరుగుదలను 100 ఆహారం, 50 కలపకు కొనండి. మిగిలినవి ఐదో పాఠంలో.

ఏ జాతిని ఎంచుకోవాలని అడిగినవారికి నా జవాబు పక్షపాతంతో కూడినదే. 2022లో 'డైనాస్టీస్ ఆఫ్ ఇండియా' అనే ఆట విస్తరణతో వచ్చిన ద్రవిడులతోనే నేను ఆడతాను. రాజేంద్ర చోళుడి దండయాత్రలు ఆ విస్తరణలోనే ఉన్నాయి. చోళ సామంతులు ఏలిన సీమలో పుట్టి వేరే జాతిని ఎంచుకోవడం నాకు మనస్కరించదు. ఆటపరంగానూ కారణం ఉంది. ఏజ్ మారిన ప్రతిసారీ ద్రవిడులకు 200 కలప ఊరికే వస్తుంది. ఫ్యూడల్ ఏజ్‌లో దానితో 175కు విలుకాండ్ర శాల, మిగిలిన 25కు ఒక ఇల్లు లెక్కకు సరిగ్గా సరిపోతాయి. అయితే వీరికి నైట్లు ఉండరు. గుర్రపు దళాల మీద మోజున్నవారు వేరే జాతిని చూసుకోండి. నా పాఠాలు మాత్రం విలుకాండ్ర వైపే నడుస్తాయి.

అభ్యాసం ఇది. శత్రువుగా అతి సులువైన కంప్యూటరును పెట్టుకుని ఆట మొదటి ఎనిమిది నిమిషాలను పదిసార్లు ఆడండి. ఫ్యూడల్ బటన్ నొక్కగానే ఆట ఆపేయండి, అక్కడి నుంచి ముందుకు వెళ్లవద్దు. 18 మంది విలేజర్లకు 450 సెకన్లు, లూమ్‌కు 25 కలిపితే 475. కాబట్టి టౌన్ సెంటర్ ఒక్క క్షణం కూడా ఖాళీగా లేకపోతే ఆ బటన్ నొక్కవలసిన సమయం 7:55. మీరు నొక్కిన సమయంలోంచి 7:55 తీసేయండి. మిగిలినది మీరు పోగొట్టుకున్న సమయం. తర్వాత ఆ ఆట రికార్డింగును తెరిచి, ఆ సెకన్లు ఎక్కడ పోయాయో కాగితం మీద రాయండి: ఆహారం లేకనా, ఇల్లు లేకనా, మరచిపోవడం వల్లనా. లూమ్ ముందే చేసినవారికి 13/15 కనిపించవలసింది 4:10కి, 18/20 కనిపించవలసింది 6:15కి. ఆ రెండు చోట్ల మీ గడియారం ఎంత చూపించిందో కూడా పక్కన రాయండి. పదింటిలో కనీసం మూడు ఆటలు 8:30 లోపు వచ్చేదాకా ఐదో పాఠం తెరవకండి. మా అక్క కొడుకు ప్రస్తుతం 9:05 దగ్గర ఉన్నాడు.