సరిహద్దు జిల్లాల వ్యాపారులు ట్రేడ్‌మార్కు నమోదు చేసుకొని కాపాడుకునే విధానం

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ బజార్లలో పచ్చళ్ళు, అప్పడాలు, మసాలా పొడులు అమ్ముకొనే తెలుగు కుటుంబాలకు, శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో ఉండే వ్యాపారికి అంతగా ఎదురుకాని ఇబ్బంది ఒకటి ఉంది. సరుకు పేరు ఇంట్లో తెలుగులో పుడుతుంది, ప్యాకెట్ మీద ఒడియాలోనో ఇంగ్లీషులోనో అచ్చవుతుంది, కొనేవాళ్ళు ఎవరి భాషలో వాళ్ళు పలుకుతారు. అందువల్ల మరొకరు అదే పేరును కొద్దిగా మార్చి వాడుకుంటూ, తమ లిపి వేరు, అక్షరాలు వేరు అని వాదించడానికి ఇక్కడ వీలు ఎక్కువ. ఒకరి సరుకును మరొకరి సరుకు నుంచి వేరుచేసి చూపే పేరునో గుర్తునో ట్రేడ్‌మార్కు అంటారు. 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టంలో ఇలాంటి వాదనకు గట్టి సమాధానమే ఉంది కానీ, దరఖాస్తు వేసేనాడే కొన్ని జాగ్రత్తలు తీసుకున్నవారికే ఆ సమాధానం పూర్తిగా ఉపయోగపడుతుంది.

దరఖాస్తు ఏ కార్యాలయం పరిధిలోకి వస్తుందో ముందుగా తెలుసుకోవాలి. యజమాని సొంత ఊరు, మాతృభాష ఇక్కడ లెక్కలోకి రావు. వ్యాపారం ముఖ్యంగా ఎక్కడ నడుస్తున్నదో దానిని బట్టి పరిధి నిర్ణయమవుతుంది. ఒడిశాలో దుకాణం ఉన్నవారికి కోల్‌కతాలోని రిజిస్ట్రీ, సరిహద్దు దాటి ఇచ్ఛాపురంలో ఉన్నవారికి చెన్నై రిజిస్ట్రీ, సిరోంచ, దెగ్లూర్, ధర్మాబాద్ వంటి మహారాష్ట్ర వైపు ఊళ్ళవారికి ముంబై రిజిస్ట్రీ వర్తిస్తాయి. దరఖాస్తును ఆన్‌లైన్‌లో వేయవచ్చు కనుక ఆ నగరాలకు ప్రయాణం చేయవలసిన అవసరం లేదు. ఎక్కడ నమోదైనా హక్కు దేశమంతటికీ చెల్లుతుంది. రెండు రాష్ట్రాల్లోనూ అమ్ముతున్నాము కాబట్టి రెండు చోట్లా నమోదు చేయించాలని ఎవరైనా చెబితే నమ్మవద్దు.

పేరు ఎంపికలో తొందర పడకూడదు. సరుకునో దాని గుణాన్నో నేరుగా చెప్పే మాటలను చట్టంలోని 9వ సెక్షన్ మామూలుగా ఒప్పుకోదు. పచ్చడికి ‘ఆవకాయ’ అని పేరు పెట్టి, ఆ మాట ఒడియా వారికి తెలియదు కదా అని ధీమాగా ఉండడానికి లేదు. తెలుగు అక్షరాల్లో ఉంటే దరఖాస్తులోనే దాని అర్థం రాసి ఇవ్వాలి గనుక అది వర్ణన మాత్రమేనని పరిశీలకుడికి తెలిసిపోతుంది. దేవుళ్ళ పేర్లు నిషిద్ధం కావు కానీ, లక్ష్మి, సాయి, బాలాజీ అనే పేర్లు ఇప్పటికే లెక్కకు మించి ఉన్నందున వాటి మీద ఒక్కరికే బలమైన హక్కు దొరకడం కష్టం. అగరుబత్తీలకు ‘రామాయణ్’ అనే పేరు మీద వచ్చిన వివాదంలో, పవిత్ర గ్రంథం పేరును ఒక వ్యక్తి తన సొంత గుర్తుగా పొందలేడని సుప్రీంకోర్టు 2015లో తీర్పు చెప్పింది. ఇంటిపేరును గుర్తుగా పెట్టుకుంటే, అదే ఇంటిపేరున్న మరొకరు తన పేరును నిజాయితీగా వాడుకోవడాన్ని ఆపలేము.

సరుకుతో సంబంధం లేని మాట అన్నిటికంటే మేలు. అయితే సరిహద్దులో ఉన్నవారు ఆ మాటను రెండో భాష వారి చెవితో కూడా విని చూడాలి. పచ్చళ్ళకు ‘చిలకగూడు’ అని పేరు పెట్టాలనుకున్నామనుకుందాం. మనకు అది పక్షి ఇల్లు. గంజాం జిల్లాలో ఒడియా మాట్లాడే కొనుగోలుదారుకు మొదట స్ఫురించేది చిలికా సరస్సు. ఆ ప్రాంతపు సరుకేమోనన్న భ్రమకు అది తావిస్తుంది. ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే ఆ భ్రమ మరింత పెరుగుతుంది. ఇటువంటి పేరును మొదటి లేబుల్ అచ్చుకు ఇవ్వకముందే మార్చుకోవడం మంచిది. ఆ తరువాత రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో ఉచితంగా వెదికి చూడాలి. అక్కడ అక్షరాలను బట్టే కాక ధ్వనిని బట్టి వెదికే సౌకర్యం కూడా ఉంది. మన పేర్లకు ఈ రెండోదే ముఖ్యం, ఎందుకంటే ఒకే తెలుగు మాటను ఇంగ్లీషులో నలుగురు నాలుగు విధాలుగా రాస్తారు.

‘అమృతధార’, ‘లక్ష్మణధార’ అనే మందుల పేర్ల వివాదంలో సుప్రీంకోర్టు 1962లో చెప్పిన సూత్రం ఇక్కడ గుర్తుంచుకోదగినది. రెండు పేర్లనూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం పోల్చి చూడరాదు; ఒక పేరును లీలగా గుర్తుంచుకొని వచ్చే సామాన్య కొనుగోలుదారు రెండోదాన్ని చూసి పొరబడతాడా అన్నదే ప్రశ్న. అందుకే నా సలహా ఏమిటంటే, డబ్బు ఒక్క దరఖాస్తుకే సరిపోతే రంగుల లేబుల్‌ను కాకుండా ఉత్త మాటను నమోదు చేయించాలి. లేబుల్‌ను మాత్రమే నమోదు చేస్తే రక్షణ ఆ బొమ్మ, ఆ అమరిక చుట్టూ తిరుగుతుంది. రేపు డిజైన్ మార్చుకున్నా, అవతలివాడు వేరే బొమ్మతో అదే పేరు పెట్టుకున్నా చిక్కు వస్తుంది. మాటను నమోదు చేస్తే దాని ధ్వనికీ రక్షణ ఉంటుంది. గుర్తులో తెలుగు, ఒడియా అక్షరాలు ఉన్నట్లయితే, 2017 నాటి నియమాల ప్రకారం వాటి ఉచ్చారణను, అర్థాన్ని ఇంగ్లీషులోగాని హిందీలోగాని ఇచ్చి, అది ఏ భాషో కూడా తెలపాలి. ఆ వివరాలను మీరే కూర్చొని రాయించండి. తెలుగు రాని ఏజెంటు ఊహించి రాసిన అర్థం తరువాత మీ మెడకే చుట్టుకుంటుంది.

సరుకులు, సేవలు కలిపి 45 క్లాసులుగా విభజింపబడి ఉన్నాయి. పచ్చళ్ళు 29వ క్లాసు కిందికి, మసాలాలు 30వ క్లాసు కిందికి, చీరలతో సహా దుస్తులు 25వ క్లాసు కిందికి, హోటలు 43వ క్లాసు కిందికి వస్తాయి. రుసుము ఒక్కొక్క క్లాసుకు విడిగా కట్టాలి. వ్యక్తులకు, చిన్న పరిశ్రమలకు, స్టార్టప్‌లకు ఆన్‌లైన్‌లో 4,500 రూపాయలు, మిగిలినవారికి 9,000 రూపాయలు. భాగస్వామ్య సంస్థను వ్యక్తిగా పరిగణించరు కనుక, తగ్గింపు కావాలంటే చిన్న పరిశ్రమగా నమోదైనట్లు చూపే ఉద్యమ్ సర్టిఫికెట్ జతచేయాలి. అన్నదమ్ములు కలిసి నడిపే వ్యాపారమైతే గుర్తు ఎవరి పేరున ఉండాలో ముందే తేల్చుకొని కాగితం మీద పెట్టుకోవాలి.

ఇప్పటికే వాడుతున్న పేరైతే ఎప్పటినుంచి వాడుతున్నారో అఫిడవిట్ ఇచ్చి, ఆధారాలు జోడించాలి. పాత బిల్లు పుస్తకాలు, ప్రింటింగ్ ప్రెస్ రసీదులు, జాతర పందిళ్ళలో ఇచ్చిన కరపత్రాలు, లారీ రసీదులు, తేదీ ఉన్న ఏ కాగితమైనా విలువైనదే. ఇంట్లో చెదలు పడుతున్న తాతల నాటి ఖాతా పుస్తకం కూడా సాక్ష్యమవుతుంది, దానిని పారవేయకండి. తనకంటే ముందునుంచి అదే పేరు వాడుతున్నవారిని, నమోదు చేయించుకున్నవాడు కూడా అడ్డుకోలేడని 34వ సెక్షన్ చెబుతుంది. తిరునెల్వేలి ‘ఇరుట్టుకడై హల్వా’ కేసులో సుప్రీంకోర్టు 2015లో ఇదే విషయాన్ని స్థిరపరచింది.

దరఖాస్తు వేశాక చాలామంది నిశ్చింతగా ఉండిపోతారు. నిజానికి దరఖాస్తులు ఎక్కువగా చేజారేది ఇక్కడే. రిజిస్ట్రీ పరీక్ష నివేదిక పంపి అభ్యంతరాలు తెలిపితే, అది అందిన 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. నివేదిక ఈమెయిల్‌లో వస్తుంది. దరఖాస్తులో ఏజెంటు ఈమెయిల్ ఒక్కటే ఉంటే, ఆయన చూడనినాడు మీ గడువు కూడా గడిచిపోతుంది. నెలకొకసారి మీరే దరఖాస్తు నంబరుతో వెబ్‌సైట్‌లో స్థితి చూసుకోవాలి. అభ్యంతరాలు తీరితే గుర్తు, రిజిస్ట్రీ వెలువరించే ట్రేడ్‌మార్కుల జర్నల్‌లో ప్రకటింపబడుతుంది. ఆనాటి నుంచి 4 నెలల లోపు ఎవరైనా వ్యతిరేకత తెలపవచ్చు. ఆ నోటీసు మీకు అందిన 2 నెలల్లో ప్రతివాదన దాఖలు చేయకపోతే దరఖాస్తును వదులుకున్నట్లే లెక్క.

అదే జర్నల్ మీకు ఆయుధం కూడా. మీ క్లాసులో మీ పేరును పోలిన గుర్తు ప్రకటింపబడితే, 4 నెలల్లో మీరే వ్యతిరేకత దాఖలు చేయవచ్చు. కోర్టు ఖర్చుతో పోలిస్తే దీని ఆన్‌లైన్ రుసుము క్లాసుకు 2,700 రూపాయలే. దరఖాస్తు వేసిన నాటినుంచి పేరు పక్కన ‘టీఎం’ గుర్తు వాడవచ్చు. వలయంలో ‘ఆర్’ అక్షరం ఉన్న గుర్తును మాత్రం నమోదు పూర్తయ్యాకే వాడాలి.

ఎవరైనా పేరును కాపీ చేస్తే, ముందుగా ఆ సరుకును బిల్లుతో కొని, ప్యాకెట్‌ను భద్రపరచి, వకీలు ద్వారా నోటీసు ఇప్పించాలి. నమోదు లేనివారు కూడా పాసింగ్ ఆఫ్ దావా, అంటే తమ సరుకేనని భ్రమింపజేసి మరొకరు అమ్ముకోవడాన్ని ఆపమని కోరే దావా, వేయవచ్చు గాని, సరిహద్దులో పెద్ద తేడా ఒకటి కనబడుతుంది. పాసింగ్ ఆఫ్ దావాకు సాధారణంగా ప్రతివాది ఉన్న చోటికో, తప్పు జరిగిన చోటికో వెళ్ళాలి. నమోదైన గుర్తుకు ఉల్లంఘన దావా అయితే, 134వ సెక్షన్ ప్రకారం మీరు వ్యాపారం చేస్తున్న జిల్లాలోని కోర్టులోనే వేయడానికి వీలుంటుంది. పలాసలో కాపీ చేసేవాడి మీద పర్లాకిమిడి వ్యాపారి తన జిల్లా కోర్టుకే వెళ్ళగలగడం ఎంత పెద్ద వెసులుబాటో, వాయిదాలకు తిరిగినవారికి తెలుస్తుంది. తెలిసి కూడా 5 సంవత్సరాలు వరుసగా ఊరకుంటే మాత్రం, మీ తరువాత మరొకరు నమోదు చేయించుకున్న గుర్తును ఆపే హక్కు పోతుంది.

నేత కుటుంబాలకు ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. బరంపురం పట్టు చీరకు భౌగోళిక గుర్తింపు, అంటే ఆ ప్రాంతానికే చెందిన ప్రత్యేక సరుకని చట్టం ఇచ్చే గుర్తింపు, ఉంది. ఆ పేరు ఏ ఒక్క దుకాణానిదీ కాదు, దానిని ఎవరూ సొంత ట్రేడ్‌మార్కుగా పొందలేరు. నేసేవారు చెన్నైలోని భౌగోళిక గుర్తింపుల రిజిస్ట్రీలో అధీకృత వినియోగదారులుగా నమోదై ఆ పేరును వాడుకోవచ్చు, దానికి తోడుగా తమ మగ్గానికి వేరే పేరు పెట్టి ట్రేడ్‌మార్కు తీసుకోవచ్చు.

నమోదు దరఖాస్తు తేదీ నుంచి 10 సంవత్సరాలు నిలుస్తుంది. గడువుకు ముందు ఏడాదిలో రెన్యువల్ చేయించాలి, ఆలస్యమైతే 6 నెలల వరకు అదనపు రుసుముతో అవకాశం ఉంటుంది. నమోదైన పేరును 5 సంవత్సరాలు వరుసగా వాడకపోతే ఇతరులు రద్దు కోరవచ్చు. కాబట్టి వ్యాపారం మందగించిన రోజుల్లో కూడా ఆ పేరుతో కొంత సరుకు అమ్ముతూ, బిల్లులు దాచుకోవాలి.