టెర్మినల్ స్వీయశిక్షణ, ఆరో పాఠం: ‘ఫైల్’ కమాండ్‌తో ఫైలు రకాన్ని తేల్చుకోవడం

గత పాఠంలో ఫోల్డర్లలో తిరగడం, వాటిలోని ఫైళ్ల జాబితా చూడడం నేర్చుకున్నాము. ఆ జాబితాలో కనిపించేవి పేర్లు మాత్రమే. పేరు చివరి ఎక్స్‌టెన్షన్‌ను ఎవరైనా, ఎప్పుడైనా మార్చవచ్చు కనుక ఫైలు రకానికి దాన్ని సాక్ష్యంగా తీసుకోలేము. లోపలి బైట్లను చదివి రకం చెప్పే ‘ఫైల్’ అనే ఉచిత కమాండ్‌ను ఈ పాఠంలో అభ్యసిద్దాం. కమాండ్లను ఇక్కడ తెలుగు లిపిలో చూపుతున్నాము. టెర్మినల్‌లో వాటిని ఇంగ్లీషు చిన్న అక్షరాలలో టైపు చేయాలి. పెద్ద అక్షరం అవసరమైన చోట విడిగా చెబుతాము.

ఉబుంటు, మ్యాక్ కంప్యూటర్లలో ఇది ముందుగానే ఉంటుంది. విండోస్ వాడేవారికి గిట్ బాష్ అనే టెర్మినల్ ప్రోగ్రాంతో పాటు వస్తుంది. ప్రోగ్రాములను విడి పెట్టెల్లో నడిపే డాకర్‌లో వాడే చిన్న డెబియన్ (ఒక లినక్స్ రకం) ఇమేజ్‌లలో సాధారణంగా ఉండదు కాబట్టి ‘ఆప్ట్ ఇన్‌స్టాల్ ఫైల్’ అని ఎక్కించుకోవాలి.

బెంగళూరు మారతహళ్లిలో పీజీలో ఉంటూ ఉద్యోగ ప్రయత్నాలు చేస్తున్న ఒక అబ్బాయి వర్డ్‌లో రెజ్యూమే రాసుకొని, పేరు చివర ఉన్న డాక్స్‌ను తీసేసి పీడీఎఫ్ అని పెట్టి, అది పీడీఎఫ్‌గా మారిపోయిందని నమ్మి పంపించాడనుకుందాం. అవతలివారు తెరవబోతే అది తెరుచుకోదు. పంపే ముందే ‘ఫైల్ రెజ్యూమే.పీడీఎఫ్’ అని కొట్టి ఉంటే, ‘మైక్రోసాఫ్ట్ వర్డ్ 2007+’ అనే జవాబు వచ్చేది. పేరు మార్చినంత మాత్రాన లోపలి బైట్లలో ఒక్కటి కూడా మారదు.

ఈ జవాబు ఎలా వచ్చిందో తెలిస్తేనే దాన్ని ఎంతవరకు నమ్మాలో తెలుస్తుంది. కమాండ్ మూడు పరీక్షలను వరుసగా చేసి, ఏది ఫలిస్తే అక్కడ ఆగిపోతుంది. మొదటిది ఫైల్‌సిస్టమ్ పరీక్ష: ఇది ఫోల్డరా, ఖాళీ ఫైలా, మరొక చోటికి చూపే లింకా అని ఆపరేటింగ్ సిస్టమ్‌నే అడుగుతుంది. రెండోది మ్యాజిక్ పరీక్ష: ఫైలులో నిర్ణీత స్థానంలో నిర్ణీత బైట్లు ఉన్నాయా అని ఒక పెద్ద పట్టికతో పోల్చి చూస్తుంది. మూడోది పాఠ్య పరీక్ష: పై రెండూ ఫలించనప్పుడు, ఇది మనుషులు చదివే అక్షరాలేనా, అయితే ఏ ఎన్‌కోడింగ్‌లో (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతిలో) ఉన్నాయి అని ఊహిస్తుంది. ఈ పద్ధతి చాలా పాతది. లినక్స్‌కు ముందరి ఆపరేటింగ్ సిస్టమ్ యూనిక్స్ నాలుగో రిసెర్చ్ వెర్షన్‌లోనే ఈ కమాండ్ ఉంది, దాని మాన్యువల్ పేజీ మీద 1973 నవంబరు అని ఉంటుంది. మ్యాజిక్ పట్టికను ప్రోగ్రాం నుంచి విడదీసి బయట పెట్టింది సిస్టమ్ ఫైవ్ యూనిక్స్. లినక్స్‌లో మనం వాడే ఉచిత రూపాన్ని ఇయన్ డార్విన్ ఇతరుల సోర్స్ కోడ్ చూడకుండా స్వయంగా రాశారు.

మ్యాజిక్ బైట్లను మన కళ్లతో చూద్దాం. ఇందుకు బైట్లను సంఖ్యలుగా చూపే ‘ఓడీ’ కమాండ్ వాడతాము. ఏదైనా పీఎన్‌జీ బొమ్మ తీసుకొని ‘ఓడీ -టీ యూ1 -ఎన్ 8 బొమ్మ.పీఎన్‌జీ’ అని కొట్టండి; ఇందులో ఎన్ పెద్ద అక్షరం. ఎడమ అంచున వచ్చేది స్థానసంఖ్య, దాన్ని వదిలేయండి. మిగిలిన ఎనిమిది సంఖ్యలు 137, 80, 78, 71, 13, 10, 26, 10 అయి తీరాలి. 80, 78, 71 అంటే పీ, ఎన్, జీ అక్షరాలు. మిగతా ఐదింటిలో ప్రతిదానికీ ఒక కాపలా పని ఉంది. 137 అనేది 127ను దాటిన సంఖ్య కనుక, ఏడు బిట్లను మాత్రమే మోసే మార్గం గుండా ఫైలు వెళ్తే అది 9గా మారి దొరికిపోతుంది. 13, 10 జంట విండోస్ పద్ధతి పంక్తి ముగింపు. ఏ సాఫ్ట్‌వేరైనా బొమ్మను పాఠ్యమనుకొని పంక్తి ముగింపులను యూనిక్స్ పద్ధతికి మారిస్తే 13 మాయమవుతుంది. చివరి 10 దీనికి తిరుగు దిశలో కాపలా: దాని ముందు కొత్తగా 13 చేరితే ఫైలు పాడైందని అర్థం. 26 ఉన్నచోట పాత డాస్‌లో ‘టైప్’ కమాండ్ ఆగిపోయేది, దానివల్ల తెర మీద చెత్త పారేది కాదు. ఇంత ముందుచూపుతో కట్టిన సంతకం మరే బొమ్మ ఫార్మాట్‌లోనూ లేదని నా అభిప్రాయం. జేపీఈజీ 255, 216, 255తో మొదలై ఊరుకుంటుంది.

జిప్ కుటుంబం దగ్గర కొంత జాగ్రత్త కావాలి. జిప్ ఫైళ్లు పీ, కే అనే అక్షరాలతో మొదలవుతాయి. అవి ఆ ఫార్మాట్ రూపకర్త ఫిల్ కాట్జ్ పొడి అక్షరాలు. డాక్స్, ఎక్సెల్ ఫైళ్ల ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్, ఆండ్రాయిడ్ యాప్‌ల ఏపీకే, జావా ప్రోగ్రాముల జార్, ఈ-పుస్తకాల ఈపబ్ అన్నీ లోపల జిప్‌లే కనుక మొదటి బైట్లు ఒక్కటే. అందుచేత కమాండ్ ఇంకొంచెం లోపలికి చూడాలి. ఈపబ్‌లో ‘మైమ్‌టైప్’ అనే చిన్న ఫైలు అన్నింటికంటే ముందు, కుదించకుండా ఉండాలనే నియమం ఉంది. జిప్ హెడర్ 30 బైట్లు, ఆ పేరుకు ఎనిమిది, కాబట్టి 38వ స్థానంలో అసలు రకం తేటగా కనిపిస్తుంది. వర్డ్ ఫైలుకు ఇలాంటి హామీ లేదు. లోపలి భాగాలను వేరే వరుసలో పేర్చిన సాఫ్ట్‌వేర్ నుంచి వచ్చిన డాక్స్‌ను, ముఖ్యంగా పాత వెర్షన్లు, వట్టి జిప్ అని చెప్పవచ్చు. అది తప్పు జవాబు కాదు, అసంపూర్ణమైన జవాబు.

జవాబు సరిగ్గా వచ్చినా ఫైలు బాగుందని హామీ లేదు. డౌన్‌లోడ్ సగంలో ఆగిన పీడీఎఫ్‌ను కూడా కమాండ్ పీడీఎఫ్ అనే అంటుంది, ఎందుకంటే అది ఆరంభాన్ని చూస్తుందే గాని ఫైలు చివరిదాకా పూర్తిగా ఉందో లేదో సరిచూడదు. ‘డేటా’ అనే ఒక్క మాట వస్తే, పట్టికలో దేనితోనూ పోలలేదని మాత్రమే గ్రహించాలి.

ఆప్షన్లలో తరచుగా అవసరమయ్యేవి కొన్నే. ‘-బీ’ పేరు లేకుండా జవాబు ఒక్కటే ఇస్తుంది. ‘-ఐ’ మైమ్ రకం, అంటే వెబ్, ఈమెయిల్ సాఫ్ట్‌వేర్ వాడే రకం పేరు, చెబుతుంది. మ్యాక్‌లో దీనికి పెద్ద అక్షరం వాడాలి. స్క్రిప్టులు రాసేవారు ఒక సంగతి గట్టిగా గుర్తుంచుకోవాలి: అసలు లేని ఫైలు పేరు ఇచ్చినా ఈ కమాండ్ తెరవలేకపోయానని మామూలు జవాబులాగే రాసి, సున్నా ఎగ్జిట్ కోడ్‌తో, అంటే పని సవ్యంగా జరిగిందనే సంకేతంతో, ముగుస్తుంది. యూనిక్స్ తరహా వ్యవస్థల ఉమ్మడి ప్రమాణమైన పోసిక్స్ కోరేది అదే. లోపాన్ని లోపంగా పట్టుకోవాలంటే పెద్ద అక్షరంతో ‘-ఈ’ జోడించాలి.

ఇక అభ్యాసం. ఒక ఫైలులో బెంగళూరు పేరును తెలుగులోను, మరొక ఫైలులో కన్నడంలోను రాసి దాచండి. రెండింటికీ ‘ఫైల్’ కమాండ్ యూటీఎఫ్-8 పాఠ్యమనే చెబుతుంది. అది ఎన్‌కోడింగ్‌ను గుర్తిస్తుంది గాని లిపిని చెప్పదు. ఇప్పుడు పైన చూపిన ఓడీ కమాండ్‌నే ఎనిమిదికి బదులు మూడు బైట్లకు నడపండి. తెలుగు ఫైలులో 224, 176, 172 వస్తాయి. కన్నడ ఫైలులో 224, 178, 172 వస్తాయి. తెలుగు అక్షరాలకు రెండో బైటు 176 గాని 177 గాని, కన్నడ అక్షరాలకు 178 గాని 179 గాని ఉంటుంది. మూడో బైటు రెండింటిలోనూ ఎందుకు ఒకటైందో, యూనికోడ్ పట్టికలో రెండు లిపుల ‘బ’ స్థానాలను పక్కపక్కన పెట్టి చూసి రాసుకోండి. ఈ తేడాను పట్టుకొని లిపిని కూడా చెప్పే మ్యాజిక్ సూత్రాన్ని సొంతంగా రాయడం ఏడో పాఠం.