వీధి రోడ్డుకి ఎవరెంత ఇవ్వాలి? మా విశాఖ మధురవాడ వైపు వేసుకున్న లెక్క

మా వీధి రోడ్డు గొడవ మూడేళ్లు నడిచింది. రోడ్డు వద్దన్నవాళ్లు ఒక్కరూ లేరు, ఎవరెంత పెట్టాలి అన్న దగ్గరే ప్రతి మీటింగూ ఆగిపోయేది. మీ కాలనీలోనూ అదే గొడవైతే ఇది చదవండి.

ముందు ఆ రోడ్డు ఎవరిదో తేల్చుకోండి. లేఅవుట్ వేసినాయన రోడ్లని గిఫ్ట్ డీడ్ రాసి కార్పొరేషన్‌కి ఇచ్చేసుంటే అది జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) రోడ్డే, వెయ్యమని గట్టిగా అడగొచ్చు. ఇవ్వకపోతే ప్రైవేట్ వీధి కింద లెక్క, అలాంటి వీధిని ఆ ఓనర్ల ఖర్చుతోనే బాగుచేయించే వీలు మున్సిపల్ చట్టంలో ఉంది. వార్డు సచివాలయంలో ప్లానింగ్ సెక్రటరీని కలవండి. తర్వాత అర్జీ, ప్రతి ఇంటి సంతకం పక్కన డోర్ నంబరు, ఇంటిపన్ను అసెస్‌మెంట్ నంబరు ఉండాలి, ఊరికే సంతకాలైతే బలం ఉండదు.

కార్పొరేషన్ అసిస్టెంట్ ఇంజనీరు (ఏఈ) గారు కొలతలకి వచ్చిన రోజు కచ్చితంగా దగ్గరుండండి. పాత రోడ్డు తవ్వకుండా పైన సిమెంటు పోస్తే మెట్లు మునుగుతాయి, వానొస్తే కొండ మీంచి వచ్చే నీళ్లు తిన్నగా హాల్లోకే. ఆ నీళ్లు ఏ గెడ్డలోకి, అంటే ఏ వాగులోకి పోతాయో కూడా అడగండి. మంచినీళ్ల పైపు, యూజీడీ (భూగర్భ డ్రైనేజీ) లైను అయ్యాకే రోడ్డు, మా పక్క వీధిలో కొత్త సిమెంటు రోడ్డుని పైపుల కోసం మూడు నెలలకే కోసేశారు, ఇప్పటికీ చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

ఇక అసలు సంగతి, వాటాలు. కాలిఫోర్నియాలో ఉన్న మా అన్నయ్య కూతురు పంపిన ఇంటిపన్ను బిల్లులో స్పెషల్ అసెస్‌మెంట్ అని విడిగా ఒక లైను ఉంది, ఏంటమ్మా అనడిగితే చెప్పింది. అక్కడ రోడ్డు, డ్రైనేజీ, వీధి లైట్ల లాంటి వాటికి ఊరందరి పన్ను కాకుండా లాభపడే ఇళ్ల మీదే, ఎవరికెంత లాభమో అంత వేస్తారట. ముందు ప్రతి ఇంటికీ వాటా రాసి నోటీసు, పోస్టులో బ్యాలెట్, తర్వాత బహిరంగ విచారణ. 1996లో అక్కడి జనం ఓటేసి తెచ్చుకున్న ప్రొపొజిషన్ 218 అనే నిబంధన ప్రకారం ఎక్కువ కట్టేవాళ్ల ఓటుకి ఎక్కువ బరువు, వచ్చిన బ్యాలెట్లలో వద్దన్నవాళ్ల బరువు ఎక్కువైతే ఆ వసూలు ఆగిపోవాల్సిందే. పెద్ద పనికి సిటీ బాండ్లు (అప్పు పత్రాలు) అమ్మి డబ్బు తెస్తుంది, ఇళ్లవాళ్లు ఏళ్ల తరబడి వాయిదాల్లో తీరుస్తారు. మన జీవీఎంసీ కూడా 2018లో 80 కోట్ల బాండ్లు వేసింది గానీ అది పెద్ద పనుల సంగతి. మన దగ్గర 1997 నుంచి జన్మభూమి అనే ప్రభుత్వ కార్యక్రమంలో జనం వాటా కట్టి పనులు చేయించుకున్నది పెద్దవాళ్లకి గుర్తుండే ఉంటుంది.

మేం పట్టుకున్నది ఆ లాభం లెక్కే, ఇంటి ముందు రోడ్డు ఎన్ని అడుగులుంటే అంత లాభం అనుకున్నాం. ఉదాహరణకి వీధి మొత్తం కలిసి కట్టాల్సింది 6 లక్షలు, అన్ని ఇళ్ల ముఖాలూ (వీధి వైపు వెడల్పు) టేపుతో కొలిస్తే 600 అడుగులు, అంటే అడుగుకి 1000. 30 అడుగుల ఇల్లు 30 వేలు, 60 అడుగులది 60 వేలు. అపార్ట్‌మెంట్ అయితే దాని వాటాని ఫ్లాట్ల చదరపు అడుగుల మీద పంచాలి. చిక్కంతా కార్నర్ ప్లాట్‌తో వస్తుంది. మా చివరింటి మామ్మగారికి పక్క గోడ 50 అడుగులు ఈ వీధి మీదే, గేటు మాత్రం అటు రోడ్డుకి. టేపు అటు చివర ఆవిడే పట్టుకుని నిలబడ్డారు, గేటు లేని వైపు సగమే అని అందరం ఒప్పుకున్నాం, మిగతా సగాన్ని మొత్తం అడుగుల్లోంచి తీసేసి రేటు మళ్లీ వేశాం. ఇలాంటివి డబ్బు అడగక ముందే తేల్చి మీటింగ్ మినిట్స్ పుస్తకంలో రాయండి, తర్వాత మారిస్తే నమ్మకం పోతుంది.

ఎస్టిమేట్ ఎంతన్నదాన్ని బట్టి మంజూరు కమిషనర్ దగ్గరో, స్టాండింగ్ కమిటీలోనో, కౌన్సిల్‌లోనో అవుతుంది, ఆ తర్వాతే టెండరు. మంజూరు కాగితం చూడకుండా రూపాయి కట్టొద్దు, కట్టేది కూడా కార్పొరేషన్ పేర డీడీయే, ఎవరి చేతికీ క్యాష్ వద్దు. ఒకేసారి ఇవ్వలేనివాళ్లకి నెలవారీ పెట్టండి, పెన్షన్ మీద బతికేవాళ్లు ప్రతి వీధిలోనూ ఉంటారు.

సిమెంటు పోశాక రెండు వారాలైనా మట్టి గట్లు కట్టి నీళ్లు నిలబెట్టాలి, కాంట్రాక్టరు మనిషి రాని పూట మేమే ఇంటికో రోజు చొప్పున బిందెలతో పోశాం.