రాత్రిళ్లు చేతి తిమ్మిరి: కార్పల్ టనెల్‌ను పోల్చుకోవడం, తగ్గించుకోవడం

చెయ్యి తిమ్మిరెక్కి అర్ధరాత్రి మెలకువ వస్తోంది, లేచి విదిలిస్తే సర్దుకుంటోంది అంటే ముందు ఏ వేళ్లు మొద్దుబారుతున్నాయో గమనించండి. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపు వేలిలో మధ్యవేలి వైపు సగం మీడియన్ నరం పరిధిలోవి. ఆ నరం మణికట్టు దగ్గర నలిగితే వచ్చే బాధే కార్పల్ టనెల్. చిటికెన వేలే ఎక్కువగా మొద్దుబారుతుంటే గొడవ మోచేతి దగ్గర ఉండొచ్చు. మెడ తిప్పినప్పుడు నొప్పి చేతిలోకి దిగుతుంటే మెడను చూపించుకోవాలి.

మణికట్టు ఎముకలకూ, వాటిమీద అడ్డంగా బిగిసి ఉండే లిగమెంట్‌కూ (గట్టి పట్టీకీ) మధ్య ఇరుకు దారిలోంచి వేళ్లను వంచే 9 టెండన్లు (కండరాలను ఎముకలకు కలిపే తాళ్లు), మీడియన్ నరం వెళ్తాయి. మణికట్టు ఎటు బాగా వంగినా అక్కడ ఒత్తిడి పెరిగి నరం నలుగుతుంది. నిద్రలో మనకు తెలియకుండానే చెయ్యి మడుచుకుంటాం, అందుకే రాత్రి బాధ ఎక్కువ.

రెండు చేతుల వెనకవైపులు ఒకదానికొకటి ఆనించి, వేళ్లు కిందికి ఉంచి, మణికట్లు పూర్తిగా వంచి 60 సెకన్లు ఆగండి. ఆ వేళ్లలోనే తిమ్మిరి వస్తే అనుమానం బలపడినట్టే. రానంత మాత్రాన జబ్బు లేదని కాదు.

మొదటి చికిత్స స్ప్లింట్, అంటే మణికట్టు వంగకుండా పట్టి ఉంచే కట్టు. చాలామందికి అది పనిచెయ్యకపోవడానికి కారణం దాని వంపే. షాపులో దొరికేవాటిలో చాలావరకు లోపలి లోహపు పట్టీ మణికట్టును వెనక్కి ఎత్తి ఉంచుతుంది. ఆ పట్టీని బయటికి లాగి, ముంజేతికీ అరచేతికీ ఒకే గీత కుదిరేలా వంచి మళ్లీ దూర్చండి. అరచేతి వైపు అంచు వేళ్ల మొదళ్లకు కాస్త కిందే ఆగాలి, వేళ్లు స్వేచ్ఛగా కదలాలి. బిగించి కడితే అదే కొత్త ఒత్తిడి. రోజూ రాత్రి, కనీసం 6 వారాలు వెయ్యాలి. నాలుగు రోజులు వేసి మానేస్తే ఏం తేలదు.

నొప్పి మాత్రలతో పెద్దగా ఒరిగేదేమీ లేదు. బి6 విటమిన్ మేలు చేస్తుందనడానికి గట్టి ఆధారం లేదు, పైగా ఎక్కువ మోతాదులో ఎక్కువకాలం వాడితే అదే నరాలను దెబ్బతీస్తుంది. షుగర్, థైరాయిడ్ పరీక్షలు మాత్రం చేయించుకోండి. గర్భిణులకు వచ్చేది ప్రసవం తర్వాత చాలావరకు తగ్గిపోతుంది. స్టెరాయిడ్ ఇంజెక్షన్‌తో కొన్ని వారాలో నెలలో ఊరట ఉంటుంది, తర్వాత తిరగబెట్టడం మామూలే. సూది గుచ్చుతున్నప్పుడు వేళ్లలోకి కరెంటు కొట్టినట్టనిపిస్తే వెంటనే చెప్పాలి.

తిమ్మిరి పగలూ రాత్రీ వదలకపోయినా, గుండీలు పెట్టుకోలేకపోయినా, బొటనవేలి కింది కండ పల్చబడినా ఇక స్ప్లింట్‌తో కాలక్షేపం చెయ్యకండి. నర్వ్ కండక్షన్ పరీక్ష (నరంలో సంకేతం ఎంత బాగా వెళ్తోందో చూసేది) చేసి, సాధారణంగా లోకల్ మత్తులోనే ఆ లిగమెంట్‌ను కోసి దారి వెడల్పు చేస్తారు. వేళ్లు అదే రోజు నుంచి కదిలించాలి, కుట్లు 10–14 రోజులకు తీస్తారు. రాత్రి తిమ్మిరి తొందరగా పోతుంది, అరచేతి మొదట్లో నొప్పి, పట్టు తగ్గడం మాత్రం నెలల తరబడి ఉండొచ్చు. అప్పటికే కరిగిన కండ పూర్తిగా తిరిగి రాకపోవచ్చు.

మణికట్టు విరిగాక ఈ వేళ్లలో తిమ్మిరి గంటగంటకూ పెరుగుతుంటే అది వేరే లెక్క. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.