జిరాక్స్ షాపు వేస్ట్ పేపర్ల మీద రోజుకో బొమ్మ

విజయనగరంలో గంటస్తంభం దగ్గర నాకు చిన్న జిరాక్స్ షాపు ఉంది. సాయంత్రానికి ఇరవై, ముప్పై కాగితాలు పాడవుతాయి. కొన్ని మిషన్‌లో ఇరుక్కుని నలిగిపోతాయి, కొన్ని వంకరగా ప్రింటవుతాయి. ఆధార్, పాస్‌బుక్ కాపీలైతే అప్పుడే చింపేస్తాను, అవి ఒకరి సొంత వివరాలు కదా. మిగిలినవి వెనక్కి తిప్పి ఒక అట్టపెట్టెలో వేస్తాను. నా బొమ్మలన్నీ వాటి మీదే.

చిన్నప్పటి నుంచి నాకు బొమ్మలంటే ప్రాణం. శ్రీకాకుళంలో పుట్టిన వడ్డాది పాపయ్య గారి బొమ్మలు చూస్తూ పెరిగాను. అలా రావాలని కూర్చుంటే చెయ్యి కదిలేది కాదు. రెండు గీతలు గీసి చింపేయడం, మళ్ళీ ఆరు నెలలు పెన్సిల్ ముట్టుకోకపోవడం. ఇలాగే ఏళ్ళు గడిచిపోయాయి.

2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చాక రోజుల తరబడి కరెంటు లేదు. మిషన్ ఆగిపోయింది. ఒక సాయంత్రం షాపులో కొవ్వొత్తి పెట్టుకుని కూర్చుంటే మైనం చుక్కలు కాగితం మీద పడ్డాయి, కాసేపటికి దాని మీదే టీ ఒలికింది. తుడవబోయి ఆగాను. కాగితమంతా గోధుమరంగు పాకింది గానీ, చుక్కలు పడ్డచోట మాత్రం చుక్కల ముగ్గులా తెల్లగా ఉండిపోయింది. ఆ రాత్రి కొవ్వొత్తి ముక్కతో పది కాగితాలు గీశాను. ఒక్కటీ చింపలేదు. అక్కడ ‘బాగా రావడం’ అన్న మాటే లేదు, ఏమవుతుందో చూడటమే. రోజూ బొమ్మ వేసే అలవాటు నాకు ఆ చూడాలన్న ఆత్రం వల్లే నిలబడింది. మీకూ అక్కడి నుంచే మొదలుపెట్టమని చెబుతాను.

ముందు టైమ్ సంగతి. రోజూ గంటసేపు వేస్తానని ఒట్టు పెట్టుకోకండి, వారం తిరక్కుండానే టెన్షన్ అయిపోతుంది. ఎలాగూ రోజూ చేసే ఒక పనికి బొమ్మను ముడిపెట్టండి. నేను షట్టర్ ఎత్తాక దేవుడి పటానికి అగరబత్తి వెలిగిస్తాను. అది కాలిపోయేదాకా బొమ్మ వేస్తాను. మధ్యలో కస్టమర్ వస్తే అక్కడికి ఆపేస్తాను, సగంలో ఆగినా ఆ రోజు లెక్కలోకి వచ్చినట్టే. బొత్తిగా కుదరని రోజున ఖాళీ కాగితం మీద తేదీ వేసి ఫైల్లో పెట్టండి. మర్నాడు రెండు వేసి బాకీ తీర్చాలని చూడొద్దు.

వారానికి ఒక్క ప్రయోగమే చేయండి. సోమవారం నుంచి శనివారం దాకా అదే. మొదటి రెండు రోజులూ చేతికి అంతు చిక్కదు, మూడో రోజు నుంచే రుచి తెలుస్తుంది. రోజుకో కొత్తది పట్టుకుంటే ఆ రుచి దాకా వెళ్ళరు.

మొదటి వారం కాగితం చూడకుండా గీయండి. దీన్ని బ్లైండ్ కాంటూర్ అంటారు. పెన్ను కాగితం మీద ఆనించి, కళ్ళు ఎదురుగా ఉన్నదాని మీదే ఉంచాలి. చూపు ఆ వస్తువు అంచు వెంట చీమలా నడవాలి, పెన్ను కూడా అంతే నెమ్మదిగా సాగాలి. ఒకసారి పింఛను కాగితాలతో వచ్చిన ఒక మామ్మ బెంచీ మీద కూర్చుంటే, ఆవిడనే అడిగి అలా గీశాను. చూసి “ఏటి బాబూ, ఇది నేనేటి?” అంది. ముక్కు చెవి పక్కకి పోయింది. కానీ సంచీని గుప్పిట్లో బిగించిన ఆ వేళ్ళు అచ్చం ఆవిడవే. కాగితం వైపు చూస్తూ గీసుంటే నాకా వేళ్ళు వచ్చేవి కావు.

రెండో వారం కొవ్వొత్తి. జిరాక్స్ కాగితం పల్చన (75 జీఎస్ఎం, అంటే చదరపు మీటరుకి 75 గ్రాములు), తడిస్తే ముడతలు పడుతుంది. అందుకని నాలుగు అంచులూ పరీక్ష అట్టకి మాస్కింగ్ టేపుతో అంటించండి. తెల్ల కొవ్వొత్తితో గట్టిగా నొక్కి గీయండి. గీత కనబడకపోతే అట్టని వెలుతురుకి వాలుగా పట్టి చూడండి, మెరుస్తుంది. పాలు కలపని టీ డికాషన్ పూర్తిగా చల్లారాకే పూయాలి, వేడిగా ఉంటే మైనం మెత్తబడిపోతుంది. అది ఆరాక మళ్ళీ కొవ్వొత్తితో గీసి, ఈసారి చిక్కటి డికాషన్ పూయండి. మొదటి గీతలు తెల్లగా, రెండోసారివి లేత గోధుమరంగులో, మిగతాదంతా ముదురుగా వస్తుంది. బాతిక్ బట్టల మీద అద్దకం చేసే సూత్రం ఇదే. చివర్లో పాత పేపర్ల మధ్య పెట్టి తక్కువ వేడి మీద పెట్టిన ఇస్త్రీ పెట్టెతో రుద్దితే మైనం చాలావరకు పేపర్‌కి దిగిపోతుంది.

మూడో వారం పెన్సిల్ రుద్దుడు. 1925లో మాక్స్ ఎర్నెస్ట్ అనే చిత్రకారుడు నేల చెక్కల మీద కాగితం పరిచి, పైన రుద్ది, వచ్చిన చారల్లో అడవుల్నీ జంతువుల్నీ వెతుక్కున్నాడు. మా ఇంట్లో అమ్మమ్మ నాటి ఇత్తడి చెంబు ఉంది, శ్రీకాకుళం జిల్లా బుడితి ఊళ్ళో చేసింది. దాని సుత్తి దెబ్బల మీద పల్చటి కాగితం చుట్టి రుద్దితే చేప పొలుసుల్లా వచ్చింది. షట్టర్, జల్లెడ, తాటాకు విసనకర్ర, ఏదైనా పనికొస్తుంది.

నాలుగోది నాకు అన్నిటికన్నా ఇష్టం. పసుపు నీళ్ళలో కలిపి కాగితమంతా పూసి ఆరనివ్వండి. కిళ్ళీ సున్నం చిటికెడు నీళ్ళలో కలిపి బ్రష్‌తో గీయండి, వేలితో ముట్టుకోవద్దు. గీసిన చోటల్లా కళ్ళముందే ఎర్రబడుతుంది. పెళ్ళిళ్ళలో దిష్టి తీసే ఎర్రనీళ్ళు మన ఇళ్ళలో అందరికీ తెలిసినవే, వాటితో బొమ్మ వేయొచ్చని నాకే చాలా ఏళ్ళు తట్టలేదు. బ్రష్ వెనకే ఎరుపు పాకుతుంటే ఇప్పటికీ ఊపిరి బిగబట్టి చూస్తాను. పసుపు ఎండకి వెలిసిపోతుంది, ఎరుపు కూడా కొన్నాళ్ళకి మళ్ళీ పసుపు వైపు తిరుగుతుంది. కాబట్టి ఆరగానే ఫోన్‌తో ఫోటో తీసి, కాగితాన్ని వెలుతురు తగలని ఫైల్లో పెట్టండి.

వేసిన రోజున ఏ బొమ్మ మీదా తీర్పు చెప్పకండి. వెనక తేదీ, ఏం వాడారో ఒక ముక్క రాసి పెట్టేయండి. నెలాఖరు ఆదివారం నేను షట్టర్ సగం దించి కాగితాలన్నీ నేల మీద పరుస్తాను. మా ఆవిడా నేనూ చెరో మూడు తీస్తాం. అందంగా ఉన్నవి కాదు, ‘ఇదెలా వచ్చింది?’ అని మళ్ళీ వంగి చూసినవి. పోయిన నెల ఆవిడ తీసిన వాటిలో, పసుపు పూసిన కాగితం మీద పొరపాటున కొవ్వొత్తి గీత పడ్డది ఒకటి ఉంది. సున్నం తగిలి చుట్టూ ఎర్రబడింది, ఆ గీత మాత్రం పసుపుగానే మిగిలింది. సోమవారం నుంచి దాని మీదే పని.