గ్రాండ్ కాన్యన్‌లో సొంత రాఫ్టింగ్ – 3వ పాఠం: రాత్రి నీళ్లు ఎప్పుడు తగ్గుతాయి?

గత పాఠంలో, సొంతంగా రాఫ్టింగ్ చేయడానికి అనుమతి ఇచ్చే పర్మిట్ లాటరీ చూశాం. లాటరీ తగిలిందనుకుందాం. మీ వెంట గైడ్ ఉండడు, తెడ్డు మీ చేతిలోనే. కొలరాడో నది మీద లీస్ ఫెర్రీలో రాఫ్ట్ ఎక్కితే డైమండ్ క్రీక్ దాకా సుమారు 226 మైళ్లు. మధ్యలో ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోకండి. నది గురించి నెట్‌లో తెలుసుకోవాల్సింది ఇంట్లోనే తెలుసుకుని, కాగితం మీద రాసుకుని బయల్దేరాలి.

లెక్క మనకు కొత్తది కాదు. వానాకాలంలో శ్రీశైలం ఇన్‌ఫ్లో ఎంత, సాగర్ నుంచి ఎంత వదిలారు అని పేపర్లో చదివే క్యూసెక్కులే ఇక్కడా. అమెరికాలో సీఎఫ్ఎస్ అంటారు, అంతే తేడా.

లీస్ ఫెర్రీకి పదిహేను మైళ్ల ఎగువన గ్లెన్ కాన్యన్ డ్యామ్ ఉంది. 1963లో అక్కడ నీళ్లు ఆపడం మొదలైనప్పటి నుంచి ఈ నది కరెంటు వాడకాన్ని బట్టి నడుస్తోంది. పగలు టర్బైన్లు ఎక్కువ తిరుగుతాయి కాబట్టి నీళ్లు పెరుగుతాయి, రాత్రి తగ్గుతాయి. మామూలు రోజుల్లో పగలు 8,000, రాత్రి 5,000 క్యూసెక్కులకు తగ్గకూడదని, 25,000 దాటకూడదని నియమం. ఏ నెలలో ఎంత వదలబోతున్నారో డ్యామ్‌ను నడిపే బ్యూరో ఆఫ్ రిక్లమేషన్ తన సైట్‌లో ముందే పెడుతుంది.

ఇప్పుడు అసలు పని. అమెరికా భూగర్భ సర్వే సంస్థ, యూఎస్‌జీఎస్, సైట్‌లో రెండు గేజ్‌లు (ప్రవాహం కొలిచే కేంద్రాలు) తెరవండి: ఒకటి లీస్ ఫెర్రీది, రెండోది దాదాపు 88 మైళ్ల దిగువన ఫాంటమ్ రాంచ్ దగ్గరిది. రెండు గ్రాఫులూ అలల్లా ఎక్కి దిగుతుంటాయి. లీస్ ఫెర్రీ గ్రాఫులో ఒక రోజు అతి తక్కువ ప్రవాహం ఉన్న గంట పట్టుకోండి. ఆ పల్లం ఫాంటమ్ రాంచ్ గ్రాఫులో ఎన్ని గంటల తర్వాత కనిపించిందో చూడండి. 22 గంటలు పట్టిందనుకుందాం. 88ని 22తో భాగిస్తే గంటకు 4 మైళ్లు.

దీంతో ఏం తెలుస్తుంది? లీస్ ఫెర్రీలో తెల్లవారుజామున 5కి నీళ్లు బాగా తగ్గాయనుకోండి. లీస్ ఫెర్రీ నుంచి లెక్కపెడితే 47వ మైలు దగ్గర మీ క్యాంపుకి ఆ పల్లం దాదాపు 12 గంటల తర్వాత, సాయంత్రం 5కి వస్తుంది. మీరు ఒడ్డుకు చేరేసరికి ఇసుక తిన్నె విశాలంగా, ఎంతో హాయిగా కనిపిస్తుంది. నీటి అంచున స్టవ్ పెట్టుకుంటే రాత్రి మునుగుతుంది. అదే ఫాంటమ్ దగ్గరైతే పల్లం తెల్లవారుజాము 3కి వస్తుంది. సాయంత్రం నీళ్లలో తేలుతున్న రాఫ్ట్ తెల్లారేసరికి తడి ఇసుక మీద కూర్చుని ఉంటుంది. సామాను నిండిన రాఫ్ట్‌ని ఇసుక మీంచి నీళ్లలోకి తొయ్యడం ఎంత నరకమో నేను ఒకసారి అనుభవించాను. ఆ రోజు నుంచి తాడు పొడవుగా వదిలి, రాత్రి ఒకసారి లేచి చూడకుండా నిద్రపోలేదు.

ఒడ్డున ఇసుకలో పుల్ల గుచ్చడం కూడా అలవాటు చేసుకోండి. గంటకోసారి చూస్తే నీళ్లు పెరుగుతున్నాయో తగ్గుతున్నాయో కంటికే తెలుస్తుంది, మీ లెక్క సరిపోయిందో లేదో కూడా.

రెండు జాగ్రత్తలు. నీళ్లు ఎక్కువున్నప్పుడు అల వేగంగా కదులుతుంది, అందుకే బయల్దేరే వారంలోని గ్రాఫులే వాడాలి, పాతవి కాదు. రెండోది, శని ఆదివారాల్లో కరెంటు వాడకం తక్కువ, చాలా నెలల్లో నీళ్లూ తక్కువే. ఆ నీళ్లు ఎప్పుడు ఎక్కడికి చేరతాయో ముందే చూసుకోండి. 77వ మైలు దగ్గరి హ్యాన్స్ లాంటి రాపిడ్‌లో, అంటే నీళ్లు రాళ్ల మధ్య ఉరికే చోట, నీళ్లు తగ్గితే రాళ్లు పైకి తేలతాయి, దారి ఇరుకవుతుంది.

లీస్ ఫెర్రీ గేజ్‌లో పరియా నది నీళ్లు లెక్కకు రావు, అది దానికి దిగువన కలుస్తుంది. జూలై నుంచి సెప్టెంబరు దాకా ఉరుముల వానలకు పరియా, లిటిల్ కొలరాడో ఉపనదులు ఒక్కసారిగా ఎర్రగా పొంగుతాయి. వాటికి వేరే గేజ్‌లున్నాయి, అవీ చూడాలి.

ఇంటిపని: ఈ వారం ఐదు రోజుల పాటు రెండు గ్రాఫుల్లోనూ పల్లం, శిఖరం సమయాలు రాసుకోండి. అరిజోనాలో ఎక్కువ భాగం ఎండాకాలంలోనూ గడియారం మార్చదు కాబట్టి ఇండియా నుంచి చూసేవాళ్లు ఏడాది పొడవునా మన టైమ్‌లోంచి పన్నెండున్నర గంటలు తీసేస్తే చాలు, అక్కడి టైమ్ వస్తుంది. ఐదు రోజుల వేగాలూ దగ్గర దగ్గరగా వస్తే, 20వ మైలు క్యాంపులో పల్లం ఎన్నింటికో లెక్కగట్టండి.